తల్లి పాత్రకు చప్పట్లు

సినిమాలో తండ్రి స్కిప్పింగ్ తాడు తీసేసరికి హాలంతా కుతకుతలాడిపోయింది.

బాక్సింగ్ పోటీలో ఓడి వచ్చిన కొడుకు మూల నక్కి ఉన్నాడు. తండ్రి తాడు మడిచి బాదుతున్నాడు. తల్లి పరుగున వచ్చి పిల్లాడి మీద బోర్లా పడింది. దెబ్బలన్నీ ఆమె వీపు మీదే.

"వీడి చేతులు పడిపోను," అంది వెనక వరసలో ఒకావిడ.

చప్పట్లన్నీ తల్లికి, తిట్లన్నీ తండ్రికి.

మధ్య వరసలో కూర్చున్న బాక్సింగ్ మాస్టారు కదల్లేదు. పక్కన ఆయన భార్య చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. సినిమా తీసింది వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. మొదటి సినిమా. 'ఇది మా ఇంటి కథ' అని పోస్టర్ మీదే వేయించాడు మహానుభావుడు. ఇక జనం ఆరా తీయాల్సిన పనేముంది?

బయటికి వస్తుంటే ఇద్దరినీ గుర్తుపట్టేశారు. ఒకామె మాస్టారి భార్య చేతులు పట్టుకుని బావురుమంది. "కంటే మీలా కనాలి అక్కా. ఎన్నేళ్ళు ఓర్చుకున్నారో."

ఆమె పక్కనున్న మగమనిషి మాస్టారిని ఎగాదిగా చూసి ఉమ్మేశాడు. మాస్టారు తల వంచుకుని మెట్లు దిగారు. భార్యకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. భూమి చీలితే బాగుండునని ఊరికే అంటారా?

మర్నాడు పేపర్లో సమీక్ష వచ్చింది. మూడున్నర స్టార్లు. 'తండ్రి పాత్ర ఒళ్ళు జలదరింపజేస్తుంది. తల్లి పాత్రే అతకలేదు. అంత సహనం సినిమాల్లో తప్ప ఎక్కడుంటుంది?' అని రాశాడు విమర్శకుడు. జనం ఊరుకుంటారా, దేవతలాంటి తల్లిని అంత మాటంటాడా అని ఇంటర్నెట్‌లో ఉతికి ఆరేశారు. మాస్టారి భార్య మాత్రం తల్లి గురించిన ఆ రెండు వాక్యాలూ నాలుగుసార్లు చదివి, పేపరు పరుపు కింద దాచేసింది.

మాస్టారికి అసలు దెబ్బ ఆయన జిమ్‌లో తగిలింది. ఇరవై ఆరుగురు పిల్లల్లో పదిహేడుమందిని వారం తిరక్కుండా మానిపించేశారు. "మావాడికి చదువు ఎక్కువైంది మాస్టారూ," అన్నారు కొందరు. మిగతావాళ్ళు ఆ అబద్ధం కూడా ఆడలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి గ్లవ్స్ కట్టిన మనిషి, ఖాళీ రింగు తుడిచిందే తుడుస్తున్నారు.

చూడలేక ఆమె కొడుక్కి ఫోన్ చేసింది.

"మీ నాన్న వీధిలోకి వెళ్ళలేకపోతున్నార్రా."

"నాన్నని అడిగే తీశానమ్మా. ఆయన సరేనన్నాకే."

"ఆయన సరేనంటే? నీ బుద్ధి గడ్డి తిందా?"



ఫోన్ పెట్టేసి భర్త ముందుకెళ్ళి నిలబడింది. "ఇక నావల్ల కాదు. అందరికీ చెప్పేస్తాను."

"నోరు విప్పావంటే ఊరుకోను," అన్నారాయన. "ఇన్నేళ్ళు గుట్టుగా బతికాం. సినిమా ఆడనీ. వాడి బతుకు నిలబడనీ."

"మరి జిమ్ మూతపడితేనో?"

"పడనీ."

ఆదివారం పొద్దున్నే విమర్శకుడు జిమ్ వెతుక్కుంటూ వచ్చాడు. మాస్టారిని చూడనట్టే దాటి వెళ్ళి, బల్ల మీద కూర్చున్న ఆమెకి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, తల్లి పాత్ర గురించి నోటికొచ్చింది రాశాను. పాఠకులు గడ్డి పెట్టారు. మీతో మాట్లాడి మళ్ళీ రాస్తాను. అన్ని దెబ్బలు ఎలా భరించారమ్మా?"

మాస్టారు చేతిలో గుడ్డ విసిరేసి వచ్చారు. "నువ్వు లోపలికి నడు," అన్నారు భార్యతో, గట్టిగా.

విమర్శకుడు కనుబొమలెగరేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదనుకున్నాడు. పుస్తకం తెరిచి ఆ మాట కూడా రాసుకోబోయాడు.

ఆమె లేవలేదు. చేతులు ఒళ్ళో గట్టిగా పెనవేసుకుంది. భర్త మొహం చూడలేక విమర్శకుడి వైపే చూస్తూ అంది.

"మీరు రాసిందే నిజం బాబూ, మా ఇంట్లో కొట్టింది నేను, మావాడి మీద పడి దెబ్బలు తిన్నది ఈయన."