తూకాలావిడ

"ఆ సంచి మూతి కట్టేయకమ్మా, ఒక్క నిమిషం. తూచనీ."

ఆసుపత్రి మూడో వార్డు వెనక వరండాలో ఎవరో పెద్దావిడ చెత్తసంచిని కాటా కొక్కేనికి తగిలిస్తోంది.

మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పద్నాలుగేళ్లుగా ఈ ఆసుపత్రి శుభ్రతంతా అతని చేతి మీదే నడుస్తోంది. ముప్పైమంది ఊడ్చేవాళ్లకి అతని మాటే శాసనం. అతనికి తెలియకుండా ఇక్కడ చీపురు కూడా చోటు మారదు.

"ఎవరండీ మీరు?"

"కొన్నాళ్లు సాయం చేద్దామని వచ్చాను బాబూ. సూపరింటెండెంటు గారికి చెప్పాను."

"చెత్త తూచి ఏం చేస్తారు? బజార్లో అమ్ముతారా?"

ఊడ్చేవాళ్లు నవ్వారు. ఆవిడా నవ్వింది. "పంతొమ్మిది కిలోలు" అనుకుంటూ పుస్తకంలో రాసుకుంది.

చెత్త ఎంత పోగవుతోంది, ఎంత వేరు చేస్తున్నారు, ఎంత తగ్గించారు అని చూసి పై ఆఫీసువాళ్లు ఏటా ఆసుపత్రులన్నిటికీ మార్కులు వేస్తారు. ఈ ఆసుపత్రికి వరసగా మూడేళ్లు నూటికి నలభై దాటలేదు.

"మార్కులేసేవాళ్లు ఒక్కరోజైనా చీపురు పట్టారా?" అని మేస్త్రి కొట్టిపారేసేవాడు.

వారం తిరక్కుండానే ఆవిడ వంటగదికి వెళ్లింది.

"మూడో వార్డు పంతొమ్మిదిలో పదకొండు కిలోలు చెయ్యి పెట్టని భోజనమే. ఆపరేషను కోసం కడుపు మాడ్చుకుని ఉన్నవాళ్లకి కూడా పళ్లేలు పంపేస్తున్నారు."

మర్నాటి నుంచి వంటవాళ్లు ఎవరెవరు తింటారో అడిగి పంపడం మొదలుపెట్టారు. పదకొండు కాస్తా రెండయింది.

పద్నాలుగేళ్లు ఆ సంచులు మోయించాడు తను. ఒక్కటీ విప్పి చూడలేదు.

ఆ మాట ఎవరూ అనలేదు. అయినా మేస్త్రి చెవుల్లో అదే హోరు.

నర్సులు ఆవిడకి తూకాలావిడ అని పేరు పెట్టుకున్నారు. "మా వార్డు ఎంత తగ్గిందమ్మా?" అంటూ పోటీలు పడ్డారు. తను కనబడితే లేచి నిలబడే ఊడ్చేవాళ్లు ఇప్పుడు ఆవిడ చుట్టూ కూర్చుని టీ తాగుతూ, "వస్తున్నాం ఉండండి సార్" అంటున్నారు.

ఆవిడ మాత్రం ఎవరేం అడిగినా, "మేస్త్రి గారిని అడగండి" అనేది. అది కూడా ఎత్తిపొడుపులాగే వినిపించేది అతనికి.

"బాబూ, ఈ లెక్క ఒకసారి చూడు. రేపు మార్కులేసేవాళ్లొచ్చి అడిగితే చెప్పాల్సింది నువ్వే."

"నాకు బోలెడు పనుంది."

ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే ధ్యాస.

"అన్నం నములుతున్నారా, ఆవిణ్ణి నములుతున్నారా?" అంది భార్య.

"జీతం లేకుండా ఎవరైనా చెత్తలో చేతులు పెడతారా? నా కుర్చీకే ఎసరు పెడుతోంది."

"ఎందుకొచ్చారో అడిగితే పోయేదానికి..."

"అడిగితే చెబుతుందా?"

సూపరింటెండెంటు రెండు వారాలు సెలవు పెట్టగానే మేస్త్రి ఇన్‌చార్జి ఆఫీసరు గదిలోకి దూరాడు.

"బయటి మనిషి సార్. మన లోపాలన్నీ రాసుకుని పై ఆఫీసుకి మోస్తోంది. నా కళ్లతో చూశాను."

చూడలేదు. అయినా గొంతు వణకలేదు. అదే అతనికి వింతగా తోచింది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిణ్ణి ఆపేశాడు. మేస్త్రి మేడమీది కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ వాదించలేదు. కాటా వాచ్‌మన్ చేతికిచ్చింది. "లోపల ఇచ్చెయ్యి బాబూ, వాళ్లకి కావాలి" అని వెనక్కి తిరిగింది.

ఆ మధ్యాహ్నం మేస్త్రి కడుపునిండా తిన్నాడు.

చిత్రమేమిటంటే ఊడ్చేవాళ్లు తూచడం మానలేదు. ఆ వారమే మార్కులవాళ్లు వచ్చారు. ఏ వార్డు ఎంతో, ఏది ఎందుకు తగ్గిందో వాళ్లే టకటకా చెప్పేశారు.

డెబ్బై ఆరు మార్కులు!

సెలవు నుంచి రాగానే సూపరింటెండెంటు కబురు పెట్టాడు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

"శభాష్! ఆవిడ కూడా ఉంటే బాగుండేది. ఏరీ, పిలువు."

"రావడం లేదు సార్. బయటి మనిషని గేటు దగ్గర ఆపేశారు."

"ఎవరు చెబితే ఆపారు?"

మేస్త్రి నేలచూపులు చూశాడు.

సూపరింటెండెంటు నీరసంగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"మూడేళ్లూ మనకి మార్కులేసిన ఆఫీసుకి పెద్ద అధికారి ఆవిడే. ఈ ఏడే రిటైరయ్యారు."

"మరి... ఇక్కడికెందుకొచ్చారు సార్?"

"నేనే వెళ్లి అడిగాను. నిన్ను తీసేస్తాను, నీ కుర్చీలోకి రమ్మన్నాను."

"ఏమన్నారు?"

"'మూడేళ్లు మార్కులు కోశానే గానీ ఒక్కరోజు వచ్చి నేర్పలేదు. అతన్ని తీసేయనని మాటివ్వండి, జీతం లేకుండా వచ్చి నేర్పుతాను. ఈ సంగతి మాత్రం అతనికి చెప్పకండి, చిన్నబోతాడు' అన్నారు."