పాకం చప్పుడు

"ఎక్కడో యుద్ధమైతే మీ జీళ్ళ పాకానికేం వచ్చింది బావగారూ?" అంది చిన్నమ్మాయి, బుల్లబ్బాయి చనిపోయిన భార్యకు చెల్లెలు.

"గ్యాస్ బండలు రావట్లేదు," పొయ్యిలో ఊక వేస్తూ కసిరాడు బుల్లబ్బాయి. రేపు గుడి దగ్గర తీర్థంలో జీళ్ళ కొట్టు పెట్టాలి. గ్యాస్ మీదైతే ఫోన్లో టైము చూసి దించేసేవాడు. ఊకమంటకు ఆ లెక్క కుదరక పొద్దున్నే రెండు వాయిలు పాడయ్యాయి.

"అక్కున్నప్పుడు పాడవలేదే?"

"అదేం చేసింది? పీటేసుకుని కూర్చుని 'దించెయ్' అనేది, అంతే."

పాకం ముద్దను నీళ్ళలో వేసి, తీసి పళ్ళేనికేసి కొడితే టంగుమనాలి. అప్పుడే దించాలి.

"నేను కొడతాను, మీరు వినండి," అంది. అతను మంటవైపు తిరిగి ఉన్నాడు. కాసేపాగి అరిచింది. "టంగుమందా?"

"టంగుమంది. దించెయ్."

"నేనింకా కొట్టనే లేదు!"

బుల్లబ్బాయి పొయ్యిలో ఇంకాస్త ఊక వేశాడు.

"ఎన్నాళ్ళనించి?" నవ్వాపుకుంటూ అడిగింది.

"చిన్న చప్పుళ్ళు వినబడి పదేళ్ళు."

"అక్కకి చెప్పారా?"

"ఎందుకు చెప్పాలి?"

"మరి అది రోజూ పొయ్యి దగ్గర పీటెందుకు వేసుకుందనుకున్నారు?"

బుల్లబ్బాయి లేచాడు. అటక మీది పీట దించి, దుమ్ము తుడిచి, పొయ్యి పక్కన వేశాడు.

"కూర్చో," అన్నాడు. "ఊరికే కూర్చోకు. విను."