సరిచేసిన నీడ

తెల్లని గోడను మూల నుంచి మూలకు కోసిన ఒకే ఒక నల్లని గీత.

ఆ ఛాయాచిత్రంలో అంతకు మించి ఏమీ లేదు. అంచున నిలువుగా ఒక నీటి గొట్టం, అంతే.

సాయంత్రం అయిదింటికి ప్రదర్శన ప్రారంభం. నాలుగేళ్ల చిత్రాలు నాలుగూ వరుసగా గోడకెక్కాయి. ఏటా అదే తేదీన, అదే చోట నిలబడి, మూడుంబావుకు సందు అవతలి మేడకున్న ఇనుప మెట్ల కమ్మీ నీడ ఇవతలి గోడ మీద పడే క్షణాన ఆమె తీసినవి.

ఆ గోడ, భర్త ఫోర్‌మన్‌గా పనిచేసే బైండింగ్ షాపుది.

మొన్న తీసిన నాలుగో చిత్రం ముందు ఆమె ఆగింది. సంచిలోంచి స్టీలు స్కేలు తీసి గీతకు ఆనించింది.

రెంటికీ నడుమ ఖాళీ కనిపించింది.

“ఇది వంగింది.”

చిత్రాలను ప్రింటు తీసే మరిది నిచ్చెన మీది నుంచే నవ్వాడు.

“మా అన్నయ్యనే తిన్నగా చేసినదానివి, ఒక గీతకి బెదురుతావేంటి వదినా?”

“హాస్యాలు తర్వాత. ఎందుకు వంగింది?”

“నీ లెన్సు పాడైంది. రెండేళ్లుగా నేనే కంప్యూటర్లో సరిచేస్తున్నా. ఈసారి టైము చాలక వదిలేశా.”

“నాకు చెప్పలేదే?”

“నీ గీత వంకరని నీతో అనే ధైర్యం ఎవరికుంది? కొంపలేం మునగవులే అని ఊరుకున్నా.”

నిరుడు ఆ గీత అంత తిన్నగా ఉన్నందుకే ఆమెకు బహుమతి వచ్చింది.

ఆమె స్కేలును నీటి గొట్టానికి ఆనించింది. గొట్టం తిన్నగానే ఉంది. లెన్సు దోషమైతే అంచున ఉన్న అదే ముందు వంగాలి.

“నిరుడు ఎంత వంగింది?”

“గోరంత.”

“అంతకు ముందు?”

“వెంట్రుకవాసి.”

ఆమె నాలుగో చిత్రంలోని ఆ ఖాళీపై తన వేలు ఉంచింది. సరిగ్గా పట్టింది.

“తిన్నని కమ్మీ నీడ చదునైన గోడ మీద వంగదు” అంది. “గోడ సందు వైపు ఉబ్బింది.”

మరిది నిచ్చెన దిగాడు.

“షాపు పై అంతస్తు నిండా కాగితం రీములే” అన్నాడు మెల్లగా. “రెండేళ్లకు పైగా అక్కడే పేరుస్తున్నారు.”

మూడోసారి చేస్తే గానీ భర్త ఫోను ఎత్తలేదు. వెనుక మిషన్ల హోరు.

“ఏమండీ, అందర్నీ తీసుకుని బయటికొచ్చేయండి. గోడ ఉబ్బింది.”

“ఎవరు చెప్పారు? ఇంజనీరా?”

“నీడ.”

“బాగుంది! పద్నాలుగు మందిని పని మాన్పించి రోడ్డు మీద నిలబెట్టనా? ఓనరుకేం చెప్పను, మా ఆవిడ ఫోటో చూసి సోది చెప్పిందనా?”

“అలాగే చెప్పండి. ముందు దిగండి.”

ఆమె గొంతు అంత చిన్నగా ఆయన ఎన్నడూ విని ఉండడు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగడం ఫోనులో వినిపించింది.

మరిది బండి మీద వారు చేరేసరికి మూడయింది. పద్నాలుగు మందీ రోడ్డుకు అవతల, చేతులకు జిగురుతోనే నిలబడి ఉన్నారు.

“గోడ గుండ్రాయిలా ఉంది కదమ్మా!” అన్నాడు కటింగ్ మిషన్ మనిషి. ఒకరిద్దరు నవ్వారు.

భర్త చేతులు కట్టుకుని విడిగా నిలుచున్నాడు.

“ఏమీ కాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఎక్కడైనా పెట్టుకోండి. మొహమంటూ ఉంటుంది కదా.”

మరిది ఎవరి వైపూ చూడలేదు.

ఎండ జరిగింది. కమ్మీ నీడ గోడ పైమూలను తాకింది. వాలుగా కిందికి సాగింది. నడుమకు వచ్చేసరికి విల్లులా వంగి, మళ్లీ తిన్నగా సాగింది.

నవ్వినవారు నవ్వు ఆపారు.

గోడ పడితే ఎటు పడుతుందో భర్త కళ్లతోనే కొలిచాడు. తర్వాత ఆయన చూపు సందు దాటి, ఆ ఇనుప మెట్ల మీదుగా పైకి, తెరిచి ఉన్న కిటికీల దాకా వెళ్లింది.

కట్టుకున్న చేతులు విడివడ్డాయి.

“ఆ మేడలో ఎవరెవరున్నారు?” అని అడిగాడు.