కోసిన టమాటాలు

తనిఖీ ముగించుకుని వెళ్తున్న అధికారి జీపు మలుపు తిరగ్గానే మేనల్లుడు ఎండబెట్టే మిషన్ వైరు పీకేశాడు. లారీ డ్రైవరు బండి వెనక తలుపు దించాడు.

"అదేంట్రా, ఒక్క పళ్ళెం కూడా ఎండలేదు," అంది అత్త.

షెడ్డు నిండా కోసిన టమాటాలు. ఆమె మాట మీద వచ్చి ఆడవాళ్లంతా పొద్దుటినుంచీ కూర్చుని కోసినవి.

"ఇది అద్దె మిషన్ అత్తా. ఉందని చూపిస్తేనే గ్రాంటు ఇస్తారు. డబ్బొచ్చాక సొంతదే కొంటాగా."

"అరువు నగతో పెళ్లిచూపులన్నమాట," అందొకావిడ చాకు కడుగుతూ.

అత్త నవ్వలేదు. "మరి మా చేత కోయించావెందుకు? ఇవి సాయంత్రానికే పులుస్తాయి."

"ఖాళీ పళ్ళేలు చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఒక్క కోత పోతే పోయిందిలే."

"త్వరగా ఎత్తండయ్యా," అన్నాడు డ్రైవరు. "సాయంత్రం ఇదే మిషన్‌తో ఈయనకి పక్కూళ్లో ఇంకో తనిఖీ. అక్కడ ఆడవాళ్లు టమాటా గంపలు ముందేసుకుని కూర్చున్నారు."

అత్త మేనల్లుడి వైపు తిరిగింది. "వాళ్లకేం చెప్పావు?"

అతను మిషన్ చుట్టూ తాడు బిగించసాగాడు. డ్రైవరే చెప్పాడు.

"ఇంకేం చెబుతాడమ్మా. మా అత్త వాళ్ల ఊళ్లో పని మొదలైంది, నమ్మకపోతే ఆవిణ్ణే అడగండన్నాడు. మీ పేరు చెప్పాక మారు మాట్లాడలేదు వాళ్లు."

ఆమె తడి చేతులు తుడుచుకుని, అరచెయ్యి చాపింది.

"ఫోనివ్వరా."

"ఎవరికి? మామయ్యకా?"

"పక్కూరికి. అడగమన్నావుగా. వాళ్లు అడక్కముందే చెబుతా."