పగ ఉంటేనే ఆట

“నువ్వు గా గోడ పక్క మిషిన్ కాడ కూసో మల్లేశన్నా. తలుపు కాడిది నీ తమ్ముడు పట్టిండు,” అన్నాడు జనార్ధన్.

మల్లేశం తలుపు వైపు చూడకుండా లోపలికి నడిచాడు. తలుపు దగ్గర ప్రవీణ్ తల ఎత్తలేదు.

మేడ్చల్ బస్టాండ్ ఎదురుగా జనార్ధన్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో సాయంత్రమైతే ఇదే తంతు. ఇద్దరూ వస్తారు. చెరో కొసన కూర్చుంటారు. ఒకే ఆటలోకి దిగుతారు. ఆ ఆటలో కోటలున్నాయి, అడవులున్నాయి, రాక్షసులున్నారు, ఏయే దేశాల నుంచో ఆడే వేలమంది ఉన్నారు. వాళ్లందర్నీ వదిలేసి వీళ్లిద్దరి బొమ్మలు మాత్రం కోట బయట వంతెన మీద ఎదురెదురుగా నిలబడతాయి. మల్లేశం బొమ్మకు ఇనుప కవచం, కత్తి. ప్రవీణ్ బొమ్మకు మంత్రాల కర్ర.

“ఏముంటుంది అంకుల్ ఆ ఆటలో? ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటారు,” అంది తృప్తి. కొంపల్లి కాలనీ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. ప్రింట్ల కోసం కౌంటర్ దగ్గర నిలబడి ఉంది.

“పగ ఉంటది బిడ్డా.”

జనార్ధన్ ఆరో తరగతిలోనే బడి మానేశాడు. ఇంగ్లీషు అక్షరాలను విడివిడిగా గుర్తుపడతాడు, కలిపితే తడబడతాడు. అయినా మనుషులను చదవడంలో తనను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని ఆయన నమ్మకం.

“రాక్షసుల సంపితె ఏం మజా? అవి మిషిన్ బొమ్మలు. అవుతల పానమున్న మనిషుండాలె. వాడు మన పగోడైతే ఇంక మస్తు. బయట కొడితే పోలీస్ కేసు. గిండ్ల ఎన్నిసార్లన్న నరుకు, అడిగెటోడు లేడు.”

“వాళ్లిద్దరికీ అంత పగా?”

“సొంత అన్నదమ్ములు. ఇంకెవ్వలకుంటది?”

గుండ్లపోచంపల్లి దారిలోని వాళ్ల పొలానికి ధర పెరిగిన ఏడాదే ఆ ఇంట్లో అన్నదమ్ములకు ధర పడిపోయింది. ప్రవీణ్ వాటా పంచుకొని కొంపల్లిలో వేరు కాపురం పెట్టాడు. తండ్రి గండయ్యకు అది తల తీసేసినట్టయింది. పెద్దమనుషులను కూర్చోబెట్టి, పెద్దకొడుకు చేతిని తన నెత్తిన పెట్టించుకొని ఒట్టు వేయించాడు: “వానితోని నోరిప్పి మాట్లాడినవా, నా పీనుగను సూసినట్టే.” పట్టా కాగితాన్ని నమ్మనివాళ్లు కూడా ఒట్టును నమ్మే ఊళ్లు అవి. ఆ రోజు నుంచి పెళ్లిలో ఎదురుపడ్డా, చావులో ఎదురుపడ్డా ఇద్దరూ మూగవాళ్లే.

“కానీ కొట్టుకోవట్లేదు కదా అంకుల్. ఊరికే కీబోర్డు వాయిస్తున్నారు.”

“తిట్టుకుంటున్నరు బిడ్డా! తెర కింద అక్షరాలు ఉరుకుతయి, అన్ని బూతులే. తిట్టి తిట్టి అలిసినంక కత్తి దీస్తరు. పగంటే గట్లుండాలె.”

చేతికర్ర చప్పుడు వినబడింది. గుమ్మంలో గండయ్య. జనార్ధన్ గబుక్కున లేచాడు.

“రా పటేలా, కూసో.”

“కూసునేటందుకు రాలే. నా కొడుకులిద్దరు దినాం గీడ కలిసి ముచ్చట వెడుతున్నరంట. నిజమేనా?”

“ఎవడన్నడు?”

“ఊరంత అంటాంది. గదే నిజమైతే పెద్దోడు ఇయ్యాల్నే బట్టలు సదురుకోవాలె. ఒట్టు దప్పినోనికి నా ఇంట్ల జాగ లేదు.”

గోడ పక్కన మల్లేశం వేళ్లు ఆగిపోయాయి. తలుపు దగ్గర ప్రవీణ్ కుర్చీలో ఇంకా కిందికి జారాడు.

జనార్ధన్ మాత్రం నవ్వాడు. “గీడ వాళ్ల నోట్ల నుంచి ఒక్క మాట బయటికొచ్చిందని ఎవడన్న రుజువు జెయ్యని, నా దుకాణం రాసిస్త. నువ్విటు రా పటేలా, నీ కండ్లతోని సూడు.”

ముసలాయనను చేయి పట్టుకొని మల్లేశం కుర్చీ వెనక్కి తీసుకెళ్లాడు. “గీ కవచమోడు నీ పెద్దకొడుకు. గా కర్ర వట్టినోడు సిన్నోడు. కానీ మల్లేశన్నా, సూపియ్యి మీ బాపుకు!”

మల్లేశం కదల్లేదు. తర్వాత కత్తి లేచింది. తమ్ముడి బొమ్మ వంతెన మీద మోకాళ్ల మీద కూలింది. మరో వేటు. ఇంకో వేటు.

గండయ్య కళ్లు చికిలించాడు. “వాడేంది, ఎదురు దిరుగుతలేడు?”

“అన్న ముంగట వాని బలమెంత!”

బొమ్మ బోర్లా పడింది. ముసలాయన తెర మీదికి వంగాడు. “సచ్చిండా?”

“సస్తడు, మళ్ల లేస్తడు. గదే గీ ఆటల మజా. పానం పోదు, పగ తీరదు.”

“లేస్తడు గద?”

“లేస్తడు పటేలా.”

“ఆఁ,” అన్నాడు గండయ్య. ప్రవీణ్ కుర్చీ పక్క నుంచి పోతూ ఒక అడుగు తడబడి, కర్ర ఊనుకొని, మొహం తిప్పకుండా బయటికి వెళ్లిపోయాడు.

జనార్ధన్ కౌంటర్ దగ్గరికి వచ్చి మీసం దువ్వుకున్నాడు. “సూసినవా బిడ్డా? సదువుకున్నోళ్లు పుస్తకాలు సదువుతరు. నేను మనుషుల సదువుత. గా ఇద్దరు ఇగ జన్మల కలువరు.”

తలుపు దగ్గర కీబోర్డు మళ్లీ టకటకలాడింది.

“ఇన్నవా? దెబ్బ తిన్నడు గద, అసలు బూతులు ఇప్పుడు మొదలైతయి. తెలుగునే ఇంగ్లీషు అక్షరాలల్ల కొడతరు. నువ్వెట్లాగు అటే పోతున్నవు, జర ఏమంటుండో సూసి చెప్పు.”

తృప్తి ప్రింట్లు తీసుకొని గుమ్మం వైపు నడిచింది. ప్రవీణ్ వెనక ఆగి తెర చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది.

“ఏమన్నడు?” జనార్ధన్ మెడ చాచి అడిగాడు.

తృప్తి అతని దగ్గరికి వెనక్కి వచ్చి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

“‘అన్నా, బాపు గింత సిక్కిపోయిండేంది, బువ్వ తింటలేడా?’”