మూత కింద చూపు

"ఎడమ చక్రాల పట్టా ఆపితే ట్యాంకు ఎడమకే తిరుగుద్ది. మెల్లగా, పిన్నిగారూ!"

ఒసియెక్ ఊళ్ళో రిమోట్ బొమ్మట్యాంకుల క్లబ్బులో నెవెన్కాకి అది మొదటి పాఠం. భర్త పోయినప్పుడు కట్టిన నల్లబట్టలు ఆమె ఇంకా విడవలేదు.

"ఈ వయసులో యుద్ధమేంటి పిన్నీ?" నవ్వాడు నేర్పుతున్న దావర్.

"వాగకు. లోపలున్న డ్రైవరుకి ఎంత కనబడుద్దో అది చూపించు."

అతను బొమ్మట్యాంకులో డ్రైవరు చూసే సందు దగ్గర చిన్న కెమెరా బిగించి, ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె సంచిలోంచి వేలెడంత ఆడపిల్ల బొమ్మ తీసి ట్యాంకు ముందు నిలబెట్టింది. ఫోనులో ఎదుటి గోడ కనబడింది. పిల్ల కనబడలేదు.

బొమ్మని ఇంకాస్త దూరం జరిపింది. అయినా కనబడలేదు.

"డ్రైవరు తలమీది మూత వేసుకుంటే అంతే పిన్నీ. ముందు ఎవరున్నారో పైన నిలబడ్డ కమాండరే చెప్పాలి."

నెవెన్కా పిల్ల బొమ్మని చేతిలోకి తీసుకుంది.

"యుద్ధంలో ఓ పిల్ల మీదికి ట్యాంకు ఎక్కించాడు మా ఆయన. కనబడలేదే అని చచ్చేదాకా మొత్తుకున్నాడు. నేను నమ్మలా."

"మరి ఆ రోజు పైన ఎవరున్నారు?"

"మా అన్న. నీ మొగుడు చూసే ఎక్కించాడని నాకు చెప్పింది వాడే."