బుద్ధొచ్చిన గడ్డ

డాక్టరమ్మ నవ్వుకుంటూ వార్డులోకి పరుగెత్తుకొచ్చింది. "పాప కడుపులో గడ్డ ఇంకా ఉందమ్మా!"

"ఉంటే నవ్వుతారేంటండీ?" తల్లి పాపని దగ్గరికి లాక్కుంది.

"మొన్న ముక్క తీసి పరీక్షించాం కదా. జన్యువుల్లో తప్పు వల్ల గడ్డలోని కణాలు నరాలుగా ఎదక్కుండా, ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగిపోయేవి. మందులకి అన్నీ ఎదిగి మామూలు నరాల కణాలైపోయాయి. అందులో ఇక క్యాన్సర్ లేదు!"

"అంటే గడ్డకి బుద్ధొచ్చిందా?" అంది అమ్మమ్మ.

"వచ్చింది!"

అమ్మమ్మ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేసింది.

అది చూసి పాప కిలకిలా నవ్వుతూ మంచం మీద గెంతడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ కూతుర్ని పువ్వులా పట్టుకుని తిరిగిన తల్లి, ఆపబోయి ఆగింది. కళ్లు తుడుచుకుని, చెప్పులు విడిచి, తనూ మంచమెక్కింది.